సంగీతాయుధము

1961వ సంవత్సరమున బిల్లీ వైల్డరను ప్రఖ్యాతదర్శకుడు "వన్, టూ, త్రీ" యను హాస్యచలనచిత్రమును తీసెను. కథ బెర్లిను నగరమున జరుగును. తూర్పు బెర్లినువాడైన ఓటో యను సామ్యవాదయువకుడు, ఒక అమెరికా వ్యాపారి పన్నిన తంత్రమువలన తన పక్షపు పోలీసులకే చిక్కును. వారతనిని కొట్టరు, నిప్పుతో కాల్చరు. ఆ రోజులలో కుఱ్ఱకారు పాడుకొనుచుండిన ఒక యల్పమైన పాటను, స్నానపుటుడుపు తొడిగిన పిల్లనుగూర్చిన దానిని, గ్రామఫోనుపై పెట్టి వినిపింతురు. పాట ముగియగానే మరల మొదలు. అది ముగియగానే మరల మొదలు. తుదకు ఓటో తాళజాలక, తాను అమెరికా గూఢచారినని, ఎన్నడును చేయని నేరమును ఒప్పుకొనును.

ఈ చిత్రమును మా యింట అందఱమును కూర్చుండి చూచితిమి. ఈ ఘట్టము వచ్చినప్పుడు పిల్లలు పకపక నవ్విరి, పెద్దలమును నవ్వితిమి. ఆంగ్లము రాని మా తల్లిగారు మాత్రము కొంతసేపు చూచి, "ఆ పాట అంత బాధగా ఉంటే ఆ అబ్బాయి లేచి అవతలికి పోరాదా?" అని అడిగిరి. "ఎట్లా పోతాడు నాయనమ్మా! వాణ్ణి ఖైదు చేశారు గదా!" అని మనుమరాలు బదులు చెప్పెను. చెప్పుచుండగానే ఆ పిల్ల నవ్వు తగ్గెను. చిత్రము ముందునకు సాగెను, మరల నవ్వులు వచ్చినవి. కాని ఆ ప్రశ్న నన్ను విడువలేదు. ఈ వ్యాసము దానినుండియే పుట్టినది.

కర్ణకఠోరమైన గానమును, చెవులు పగిలించు వాద్యమును, విసుగు పుట్టించు పాటను ఆయుధముగా ప్రయోగించుట కథలలోను, నాటకములలోను, చలనచిత్రములలోను తఱచు కానవచ్చును. ఒకచోట దానిని చూచి మన హృదయము ఉప్పొంగును. ఒకచోట నవ్వు వచ్చును. ఒకచోట ఒడలు జలదరించును. ఈ భేదమునకు హేతువేమి? ఇందులో నవ్వదగినదేది, నవ్వరానిదేది?

"కథయే కదా! దీనికింత విచారమేల?" అని కొందఱు పెద్దలు సెలవీయవచ్చును. కాని కథ మన భావములకు శిక్షణ నిచ్చుననుట మన దేశమున క్రొత్తగా చెప్పవలసిన మాట కాదు. కన్యాశుల్కదురాచారమును తెగడుటకు గురజాడవారు ధర్మశాస్త్రము వ్రాయలేదు, నాటకము వ్రాసిరి. 1892లో అది మొదట ప్రదర్శింపబడినప్పుడు జనులు నవ్విరి. ఆ నవ్వుతోడనే తమ యింటి యాచారమును క్రొత్తకన్నులతో చూచిరి. కావున నవ్వు దోషము కాదు. క్రౌర్యమును కనిపింపజేయు నవ్వు కలదు; క్రౌర్యమును కప్పివేయు నవ్వును కలదు. సంగీతమును ఆయుధముగా చూపు కథ ఏ నవ్వును పుట్టించుచున్నదో తెలిసికొనుటకు మూడు ప్రశ్నలు వేసికొనవచ్చునని నా యభిప్రాయము. వినువాడు లేచి పోగలడా యనునది మొదటిది. ఆ ధ్వని చాటున ఎవరి యేడుపు మఱుగుపడుచున్నది యనునది రెండవది. తుదకు ఆ సంగీతమునకేమి గతి పట్టినది యనునది మూడవది.

మొదటి ప్రశ్నను తీసికొందము. కురుక్షేత్రమున ముందుగా శంఖము పూరించినవాడు భీష్ముడు. పిదప కృష్ణుడు పాంచజన్యమును, అర్జునుడు దేవదత్తమును, భీముడు పౌండ్రమును ఊదిరి. ఆ నాదము ధార్తరాష్ట్రుల గుండెలను చీల్చినదని భగవద్గీత మొదటి యధ్యాయమే చెప్పుచున్నది. అయినను ఆ ఘట్టమును చదువునప్పుడు మనకు అన్యాయము జరిగినదను తలంపు కలుగదు. ఏలయన ఇరుపక్షములవారి చేతులలోను శంఖములు కలవు. ఇరుపక్షములవారును ఆయుధపాణులై, తెలిసి, ఎదురెదురుగా నిలిచినవారు. అచట శంఖధ్వని చాటుదెబ్బ కాదు, ఎదుటివానికి చేయు హెచ్చరిక.

విరాటపర్వములోని ఉత్తరగోగ్రహణఘట్టము ఇంకను హృద్యమైనది. బృహన్నలవేషమున నున్న అర్జునుడు దేవదత్తమును పూరించినప్పుడు శత్రువులకంటె ముందుగా తల్లడిల్లినవాడు, అదే రథముపై పగ్గములు పట్టియున్న ఉత్తరకుమారుడు. గుఱ్ఱములు మోకాళ్లపై కూలబడినవి. రాజకుమారుడు రథమున చతికిలబడెను. ధ్వనియను ఆయుధమునకు గుఱి తెలియదు; అది తనవారిని పరులను వేఱుచేయదు. కాని అర్జునుడు వెంటనే పగ్గములు సవరించి, ఆ బాలుని కౌగిలించుకొని ఓదార్చి, ధైర్యము చెప్పి, ఈసారి గట్టిగా నిలువుమని ముందుగా తెలిపిన తరువాతనే మరల శంఖమును పట్టెను. నాదముచే భయపెట్టినవాడే ఆ భయమును గుర్తించి ఓదార్చుట ఈ కథలోని ధర్మము. అందుచేతనే ఉత్తరుని పిఱికితనమును చూచి మనము నిస్సంకోచముగా నవ్వగలము.

ఫ్రెంచివారి చిత్రకథయైన "ఆస్టెరిక్స్"లో గాయకుడొకడు కలడు. ఆంగ్లానువాదములలో వాని పేరు కాకోఫోనిక్స్. వాని గానమును గ్రామస్థులు సహింపలేరు. 1966లో వచ్చిన నార్మనుల కథలో, భయమనునది యెట్లుండునో యెఱుగని యోధులు ఓడలపై వచ్చి తమకు భయమును నేర్పుడని కోరుదురు. భయమునకు ఱెక్కలుండునని ఎవరో చెప్పగా, భయపడినచో తాము ఎగురగలమని వారి యాశ. ఎవరికిని సాధ్యము కాని ఆ విద్యను తుదకు ఈ గాయకుని పాట వారికి నేర్పును. ఇందు నవ్వుటకు మనకు ఏ సంకోచమును లేదు. వారు కోరి వచ్చినవారు, ఆయుధములు ధరించి వచ్చినవారు, కోరినదే పొందినవారు. మఱియు ఈ కథలలో తఱచు కట్టుబడి, నోట గుడ్డ క్రుక్కబడి చెట్టునకు వ్రేలాడువాడు గాయకుడే, వినువారు కారు.

1996లో టిమ్ బర్టన్ తీసిన "మార్స్ అటాక్స్!" అను చిత్రమునందును ఇట్టిదే జరుగును. అంగారకగ్రహమునుండి వచ్చిన దుష్టులు భూలోకమును నాశనము చేయుచుండగా, ఒక ముసలమ్మ చెవులకు తొడుగులు పెట్టుకొని తన వయసునాటి పాటను తనలో తాను వినుచుండును. వారు వెనుకనుండి ఆమెను చంప సమకట్టుచుండగా ఆ తీగ ఊడి, పాట బయటికి వినబడును. ఆ స్వరము సోకినంతనే వారి తలలు ప్రేలిపోవును. ముసలమ్మ తన యానందమునకై వినుచుండిన పాట అది. ఆయుధముగా ఎత్తినది కాదు.

ఓటో సంగతి యట్లు కాదు. అతడు నిరాయుధుడు, నిరపరాధి, బందీ. కన్నునకు ఱెప్ప యున్నది, చెవికి లేదు. ఇష్టము లేని దృశ్యమునుండి బందీ సైతము కన్నులు మూసికొని తప్పించుకొనగలడు. ఇష్టము లేని పాటనుండి తప్పించుకొనుటకు వానికి కాళ్లొక్కటే శరణ్యము, ఆ కాళ్లకు సంకెల పడినది. మా తల్లిగారి ప్రశ్న సరిగా ఇచటనే తగిలినది. విసిగించు పాట పరిహాసమో హింసయో నిర్ణయించునది పాటలోని గుణము కాదు, తలుపునకు గడియ బయటినుండి పడినదా లేదా యనునదియే. పొరుగింటివాని హార్మోనియమును గూర్చి మనము వేయి పరిహాసములాడవచ్చును. ఏలయన మనము లేచి వీథిలోనికి పోగలము.

ఇది యంతయు కల్పితలోకముననే నిలిచియుండిన నేనింత దూరము వ్రాయకపోదును. పదేండ్లు తిరుగకముందే, 1971 ఆగస్టులో, ఉత్తర ఐర్లండున విచారణలేక నిర్బంధింపబడినవారిలో 14 మందిపై ఐదు పద్ధతులు ప్రయోగింపబడినవి. గంటలకొలది గోడ కానించి నిలువబెట్టుట, తలపై ముసుగు వేయుట, నిద్రపోనీయకుండుట, అన్నపానములు తగ్గించుట అనువానితో పాటు, ఎడతెగని పెద్దచప్పుడును వినిపించుట అందులో ఒకటి. 1978లో ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము దీనిని అమానుషము, అవమానకరము అని తీర్పు చెప్పెను; కాని చిత్రహింస యను పేరునకు తగినంత తీవ్రము కాదనెను. అది సంగీతము కాదు, వట్టి చప్పుడు. సంగీతము వచ్చుటకును ఎంతో కాలము పట్టలేదు.

1989 డిసెంబరులో అమెరికా సేనలు పనామా దేశముపై దాడి చేసినప్పుడు, ఆ దేశపు అధినేత నోరియేగా పోపుగారి రాయబారి భవనమున శరణుజొచ్చెను. సైనికులు భవనము చుట్టును లౌడుస్పీకరులు పెట్టి బిగ్గఱగా రాక్ పాటలు మ్రోగించిరి. లోపల నోరియేగా ఒక్కడే లేడు. రాయబారియు, ఆయన పరివారమును ఆ మ్రోత సహింపవలసివచ్చెను. రథముపై ఉత్తరకుమారుడు పడిన పాటే వారికిని పట్టినది, ఓదార్చువాడు మాత్రము లేడు. వాటికను అభ్యంతరము చెప్పగా పాటలు ఆగినవి. నోరియేగా 1990 జనవరి 3వ తేదీన, ఆ నిశ్శబ్దము వచ్చిన పిదపనే, లొంగిపోయెను. అయినను పాటలకు వెఱచి లొంగెనను హాస్యకథయే లోకమున నిలిచినది.

2003లో ఇరాకునందు, పసిపిల్లల టెలివిజను కార్యక్రమములోని ప్రేమగీతమును ఖైదీలకు మరల మరల వినిపించుచున్నారని వార్త వచ్చెను. వెంటనే పాశ్చాత్యపత్రికలలోను, టెలివిజనులోను పరిహాసములు వెల్లువయైనవి. "ఆ పాటను మా యింటి పిల్లలు రోజును వినిపింతురు; మేమును చిత్రహింసకు గుఱియైనవారమే" యను ధోరణిలో నవ్వుకొనిరి. ఆ పరిహాసపు ముడిసరుకు నలువదియేండ్లనాడు ఓటో కథలోనే సిద్ధమైయున్నది. ఒకే పాటను పదే పదే వినిపించుట నవ్వులాటయని ప్రేక్షకలోకము ఏనాడో నేర్చుకొనియుండెను. కనుక నిజముగా అది జరిగినప్పుడు, ఆ తలుపు బయటి గడియను చూడకయే నవ్వెను. 2014 డిసెంబరులో అమెరికా సెనేటు సంఘము ప్రకటించిన నివేదిక ఆ గడియను చూపినది. ఒక రహస్యస్థావరమున బందీలను కటిక చీకటిలో, సంకెలలతో, ఒంటరిగా ఉంచి, ఎడతెగక పెద్దసంగీతమునో చప్పుడునో వినిపించిరనియు, మలమూత్రములకొక బక్కెటు మాత్రమే యిచ్చిరనియు అందున్నది. అది చదివినపిదప పాతపరిహాసములు నవ్వు పుట్టింపవు.

వైల్డరు తప్పు చేసెనని నేననుట లేదు. ఆయన పరిహసింపదలచినది నిర్బంధముతో నేరమొప్పించు పోలీసులను; ఆ చిత్రము తీయుచున్న ఏటనే, 1961 ఆగస్టులో, బెర్లిను నడుమ గోడ లేచెను. ఆయన బాణము సరియైన దిక్కునకే పోయినది. కాని నవ్వు చూపులోనివారిని దాటి పోలీసులనుండి బందీపైకి జాఱుట మిక్కిలి సులభము. ఆ జాఱుపాటును కనిపెట్టుట చూచువాని బాధ్యత.

రెండవ ప్రశ్నకు వత్తము. బైబిలులో యెరికో పట్టణపు కథ ప్రసిద్ధము. ఏడుగురు యాజకులు పొట్టేలుకొమ్ముల బూరలు ఊదుచు, సేనలతో ఆఱు దినములు దినమునకొకసారియు, ఏడవదినమున ఏడుసార్లును పట్టణమును చుట్టివత్తురు. ఏడవదినమున జనులందఱును ఒక్కసారిగా కేకవేయగా కోటగోడలు కూలును. ఈ కథను పిల్లలకు చెప్పువారు సాధారణముగా గోడలు కూలినచోటనే ఆపుదురు. మూలమున తరువాతి మాట మఱొకటి కలదు: రాహాబు కుటుంబము తప్ప, స్త్రీపురుషులు, బాలవృద్ధులు, పశువులతో సహా ఆ పట్టణమునందలి ప్రాణులన్నియు కత్తివాదరకు బలియైనవి. బూరల మ్రోత మన చెవులలో ఎంత గట్టిగా నిలిచినదనగా, దాని వెనుకటి యార్తనాదము మనకు వినబడదు.

సంగీతమునకిట్టి ఉపయోగము కలదని మన దేశమువారికి ఎవరును నేర్పనక్కఱలేదు. జూల్ వెర్న్ వ్రాసి 1873లో గ్రంథముగా వెలువడిన "ఎనుబది దినములలో భూప్రదక్షిణము" అను నవలలో, మన దేశపు అడవిలో ఒక సహగమనపు ఊరేగింపు వర్ణింపబడినది. తాళములును వాద్యములును మ్రోగుచుండ, మత్తు పొగలచే స్పృహ తప్పింపబడిన యువతిని చితికి కొనిపోవుదురు. నవలాకారుడు మన దేశమును కన్నులార చూచినవాడు కాడు. పెక్కు విషయములు కల్పించెను. కాని ఆ వాద్యముల సంగతి కల్పన కాదు. 1829లో బెంటింకు ప్రభుత్వము వంగరాష్ట్రమున సహగమనమును నిషేధించుటకు పూర్వము, చితిచుట్టును డప్పులు, శంఖములు, జయజయధ్వానములు ఎంత బిగ్గఱగా మ్రోగెడివో, వానిలో కాలుచున్న స్త్రీ కేక ఎట్లు మునిగిపోయెడిదో కన్నవారు పలువురు వ్రాసిరి. ఆ వాద్యము చితిపైనున్న యామెను బాధించుటకు కాదు. చుట్టునున్నవారి చెవులను కాపాడుటకు. ఆమె కేక వినబడియుండిన, ఆ గుంపులో ఒక్కనికైనను చేయి వణకెడిది. సంగీతాయుధము ఒక్కొకప్పుడు గుఱిపెట్టునది శత్రువునకు కాదు, మన మనస్సాక్షికే.

ఫ్రాన్సిస్ కొప్పోలా 1979లో తీసిన "అపోకలిప్స్ నౌ" అను చిత్రమున ఈ సంగతి బహుచక్కగా తెలియును. వియట్నాము యుద్ధమున కిల్గోరను సేనాని, తన హెలికాప్టరులకు లౌడుస్పీకరులు కట్టించి, జర్మనుసంగీతకర్త వాగ్నరు రచించిన "వాల్కిరీల స్వారి"ని మ్రోగించుచు ఒక గ్రామముపై విఱుచుకొనిపడును. ఆ సంగీతము శత్రువులను బెదరించునని అతని మాట. సంగీతము గంభీరము, హెలికాప్టరుల బారు సుందరము. చూచువాని రక్తము పొంగును. అంతలో దర్శకుడు తటాలున మనలను గ్రామములోనికి దింపును. అచట సంగీతము లేదు. బడి ముంగిట తెల్లదుస్తుల పిల్లలున్నారు. క్షణకాలము నిశ్శబ్దము. పిదప దూరమునుండి సన్నగా ఆ పాట వినవచ్చును, పిల్లలు పరుగిడుదురు. ఒక్క క్షణము మనకు క్రిందివారి చెవులు దొరకినవి.

కాని దొరకిన చెవులను మనము ఉంచుకొందుమా? 2005లో వచ్చిన "జార్‌హెడ్" అను చిత్రములో, యుద్ధమునకు పోనున్న యువసైనికులు గుంపుగా కూర్చుండి పై ఘట్టమునే తెఱపై చూచుచుందురు. వాగ్నరు సంగీతముతో గొంతు కలిపి కేకలు వేయుదురు, బల్లలు చఱతురు. యుద్ధమును తెగడుటకు తీసిన ఘట్టమే వారికి యుద్ధోత్సాహమైనది. దీనినిబట్టి గ్రహింపవలసినదేమనగా, ఉత్తమకథకుడు సైతము మనకు చెవిని ఇవ్వగలడేగాని, దానితో వినునట్లు చేయలేడు. వినుట మన పని.

ఇంతకంటె మన యింటికి దగ్గఱగా నున్న సంగతి యొకటి చెప్పవలసియున్నది. ధ్వనికాలుష్యమునుగూర్చి మన సుప్రీముకోర్టు 2005 జూలై 18న ఇచ్చిన తీర్పు కథ కాదు, నవల కాదు. ఆ వ్యాజ్యము వేయుటకు ప్రేరేపించినది 1998 జనవరిలో పత్రికలలో వచ్చిన వార్తయని ఆ తీర్పులోనే వ్రాయబడియున్నది: 13 ఏండ్ల బాలికపై అత్యాచారము జరుగుచుండగా ఆమె వేసిన కేకలు, ఇరుగుపొరుగున మ్రోగుచుండిన లౌడుస్పీకరు పాటలలో మునిగిపోయినవి. ఆనాటి సాయంకాలమే ఆ పిల్ల నిప్పంటించుకొని మరణించెను. ఆ పాటలు పెట్టినవారు దుష్టులు కారు. ఆ పిల్ల ఉనికియే వారికి తెలియదు. అయినను జరిగినది జరిగినది. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకు బహిరంగస్థలములలో లౌడుస్పీకరులు మ్రోగింపరాదని, కొన్ని మినహాయింపులతో, 2000వ సంవత్సరపు నిబంధనలు చెప్పుచున్నవి. మనము ఆ నియమమును నిద్రాభంగమునకు సంబంధించినదిగా మాత్రమే తలంచుచున్నాము. వినవలసిన కేక వినబడుటకు ఊరిలో కొంత నిశ్శబ్దము మిగిలియుండవలెనను సంగతి మఱచుచున్నాము.

మూడవ ప్రశ్న సంగీతమునుగూర్చినది. అద్భుతరామాయణమున నారదునిగూర్చి ఒక కథ కలదు. తుంబురుని గానమునకు అసూయపడి, తాను గొప్పగాయకుడనైతినని తలంచిన నారదుడు తుంబురుని యింటికి పోగా, అచట కాళ్లు విఱిగినవారును, చేతులు తెగినవారును అగు స్త్రీపురుషులు పెక్కుమంది కనబడిరి. మీ కీ దుర్గతి యేల పట్టినదని ఆయన యడిగెను. "మేము రాగములము. నారదుడను వాడొకడు పాడి పాడి మా యవయవములనిట్లు విఱిచినాడు. తుంబురుడు పాడినచో మరల బాగుపడుదుము" అని వారు చెప్పిరి. చెడ్డపాటవలన ముందుగా దెబ్బతినునది వినువాని చెవి కాదు, రాగమే యని ఈ కథ చెప్పిన పెద్దలకు తెలియును.

ఇరువదవశతాబ్దమున ఇదే సత్యమును ఆంటొనీ బర్జెస్ అను ఆంగ్లరచయిత మఱొక రీతిగా చెప్పెను. ఆయన స్వయముగా సంగీతకర్త. 1962లో ప్రకటించిన "ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్" అను నవలలోని నాయకుడు ఆలెక్సను బాలుడు మహాక్రూరుడు. దొంగ, స్త్రీలను చెఱచువాడు, హంతకుడు. కాని వానికి బీథోవెను మున్నగువారి సంగీతమనిన ప్రాణము. ప్రభుత్వము వానిని సంస్కరింపదలచి, ఒక మందు శరీరమునకెక్కించి, కదలకుండ కుర్చీకి కట్టివేసి, దౌర్జన్యచిత్రములు చూపును. మందువలన పుట్టు వికారము ఆ దృశ్యములతో ముడిపడును. చిత్రములకు నేపథ్యముగా వైద్యులు బీథోవెను సంగీతమును వాడుదురు. వికారము దానికిని ముడిపడును. అప్పుడా దుర్మార్గుడు తనకు జరుగుచున్న దానికై కాక, ఎవరికి ఏ యపకారమును చేయని ఆ సంగీతకర్తకు జరుగుచున్న దానికై ఇది పాపమని మొఱపెట్టుకొనును. వైద్యునికి సంగీతమునుగూర్చి ఏమియు తెలియదు. అది భావోద్రేకమునకొక సాధనమని మాత్రమే ఆయన యెఱుగును. ఆ ఘట్టమున నేరస్థుడు రాగముల మొఱ విన్నవాడు, విద్వాంసుడు విననివాడు.

కథ అంతతో ఆగదు. విడుదలయైన ఆలెక్సును ప్రభుత్వమునకు ప్రతిపక్షులైన ఉదారవాదులు చేరదీయుదురు. వారు స్వేచ్ఛ పేరిట పుస్తకములు వ్రాయువారు, మనబోటి సంస్కర్తలు. ఈ బాలుడు చచ్చినచో ప్రభుత్వముపై జనులకు కోపము వచ్చునని వారి యెత్తు. వానినొక గదిలో పెట్టి తాళము వేసి, గోడ ఆవలినుండి సంగీతమును బిగ్గఱగా వినిపింతురు. వికారము భరింపలేక వాడు కిటికీనుండి దూకును. సదుద్దేశము గలవారి చేతిలోను ఆ యాయుధము అట్లే పనిచేసినది. బర్జెస్ ఈ ఘట్టమున ఎవరిని గుఱిపెట్టెనో సంస్కారప్రియులమైన మనము తప్పక తెలిసికొనవలెను. ఉద్దేశము మంచిదైనచో ఉపాయమెట్టిదైన నేమి యను మాట మన సభలలోను వినబడుచుండును. గదికి తాళము వేసిన చేయి ఎవరిదైనను లోపలివానికి ఒక్కటియే.

"ఎన్ని చెప్పినను తుపాకిగుండుకంటె పాట మేలు కాదా? ప్రాణము తీయదు, రక్తము కార్పదు" అని ఒక యాక్షేపము మిగులును. ఇందు కొంత నిజము లేకపోలేదు. ఎదురెదురు నిలిచిన సేనల నడుమ శంఖధ్వనిచే ఒక పక్షము వెనుదిరిగినచో ప్రాణములు దక్కినవి, అది మేలే. కాని గొలుసులతో కట్టబడిన బందీయెడ ఈ పోలిక చెల్లదు. వానిపై గుండు ప్రయోగింపవలసిన యవసరమే లేదు. కనుక పాట గుండునకు బదులుగా వచ్చినది కాదు, ఊరక ఉండుటకు బదులుగా వచ్చినది. మఱియు గుండుదెబ్బకు గాయముండును. గాయము సాక్ష్యము చెప్పును. నిద్రలేమికిని, చెవిలోని హోరుకును, చెదరిన మతికిని మచ్చ యేది? వాడు బయటికి వచ్చి "నన్ను పాటతో హింసించిరి" అని చెప్పినచో, లోకము నవ్వును. ఆ నవ్వే వాని సాక్ష్యమును కొట్టివేయును. పాటకు ఆయుధముగా గల గొప్ప సౌకర్యమిదియే. ఆ సౌకర్యమును దానికి సమకూర్చుచున్నది మనమే.

కావున ఇట్టి కథలను ఇంటికి రానీయరాదని కాని, పిల్లలను నవ్వనీయరాదని కాని నేను చెప్పను. కాకోఫోనిక్సును చూచి కడుపార నవ్వవలసినదే. ఉత్తరకుమారుని చూచియు నవ్వవలసినదే. చేయవలసినది స్వల్పము: నవ్వు వచ్చిన పిమ్మట, ఇతడు లేచి పోగలడా, ఈ మ్రోతలో ఎవరి మాట వినబడకపోయినది, ఈ పాటను ఇతడు మరల ప్రీతితో వినగలడా యని పిల్లలతో కలిసి ఒకమాఱు ఆలోచించుట. ఈ యలవాటు కథలకడ మొదలైనచో వీథిలోనికిని తానే వచ్చును. పండుగనాడు మన యింటిముందు పెట్టెలు కట్టి పాట పెట్టినప్పుడు, ఎదుటింటిలోని రోగి లేచి పోగలడా యని తోచును. పరీక్షకు చదువుకొను పిల్ల ఎక్కడికి పోవునని తోచును. భక్తితో పెట్టిన పాటయే వారికి జీవితాంతము రోతపుట్టించు పాటగా మాఱుచున్నదేమో యని తోచును.

ఆ రాత్రి చిత్రము ముగిసినపిదప మనుమరాలు నాయనమ్మయొద్దకు పోయి, "తరువాత ఎప్పుడైనా రేడియోలో ఆ పాటే వస్తే, ఓటో ఏం చేస్తాడు?" అని అడిగెను. మా తల్లిగారు కొంచెము ఆలోచించి, "పక్కన మంచివాళ్లెవరైనా ఉంటే, లేచి ఆపేస్తారు" అనిరి.